సంఖ్యాబలమే సమర్థత కాదు

1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి లోక్‌సభలో కాంగ్రెస్‌కు మెజారిటీ లేదు. దేశం దగ్గరున్న విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకు మించి సరిపోదు. ఆయన ఎంపీ కూడా కాదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక గెలిచాకే లోక్‌సభలో అడుగుపెట్టారు. అయినా పదవి చేపట్టి నెల తిరక్కుండానే రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న పారిశ్రామిక విధానాన్ని, మన్మోహన్ సింగ్ బడ్జెట్‌ను ఒకే రోజు సభ ముందుంచారు. నాలుగు దశాబ్దాలుగా పాతుకుపోయిన లైసెన్స్ విధానం చాలా రంగాల్లో ఆ రోజుతో పోయింది.

బలం లేని ప్రభుత్వం ఇంత పని ఎలా చేసింది? నా ఉద్దేశంలో బలం లేకపోవడమే అందుకు సగం కారణం. ప్రతి అడుగుకూ సొంత పార్టీని ఒప్పించాలి, ప్రతిపక్షాన్ని కనీసం ఊరుకునేలా చూసుకోవాలి. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచితే సొంత ఎంపీలే తిరగబడ్డారు. పెంపును 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించారు. అక్కడ తగ్గబట్టే మిగతా సంస్కరణలు నిలిచాయి.

దీని పక్కన 1975ను పెట్టి చూడండి. అంతకు నాలుగేళ్ల ముందు ఇందిరా గాంధీ 352 స్థానాలతో గెలిచారు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటనపై రాష్ట్రపతి సంతకం అయిపోయింది. కేబినెట్‌కు సంగతి తెలిసింది మర్నాడు పొద్దున. అడ్డుచెప్పగల మంత్రి ఒక్కరూ లేని ప్రభుత్వం అది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించరాదని 1978లో 44వ రాజ్యాంగ సవరణ తెచ్చింది ఆ రాత్రి అనుభవంతోనే.

అలాగని మైనారిటీ ప్రభుత్వం దానంతటదే మంచిదని అనను. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిపోతుంటే పీవీ చేతిలో అధికారం లేకపోలేదు, వాడాల్సిన వేళ వాడలేదు. ఆ వైఫల్యాన్ని ఏ ఆర్థిక సంస్కరణా కప్పలేదు. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం 251-265 ఓట్లతో వీగిపోయింది గానీ, ఎంపీలకు ముడుపులు ముట్టాయన్న మచ్చ మిగిలింది. లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యుడికి రక్షణ ఉంటుందని ఆ ముడుపుల కేసులోనే 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును సరిదిద్దడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

అయితే అదే 1993లో, అదే ప్రభుత్వ హయాంలో మరొకటి జరిగింది. శాఖలవారీగా 17 పార్లమెంటరీ స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. బిల్లును అన్ని పార్టీల సభ్యులూ తీరిగ్గా చదివి, నిపుణులను పిలిచి, అధికారులను ప్రశ్నించే చోటు అది. కెమెరాలు ఉండవు కాబట్టి అక్కడ అధికార పక్ష సభ్యుడు కూడా మనసులో మాట చెప్పగలడు.

2020 సెప్టెంబరులో మూడు సాగు చట్టాలు ఆ సంఘాల గడప తొక్కలేదు. ముందు ఆర్డినెన్సులుగా వచ్చాయి, తర్వాత పూర్తి మెజారిటీ ఉన్న ప్రభుత్వం వాటిని గబగబా ఆమోదింపజేసుకుంది. మద్దతు ధర సంగతేమిటని సంఘం గదిలో అడగాల్సిన ప్రశ్నను రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు ఎండలో, చలిలో కూర్చుని అడిగారు. 2021 నవంబరులో ఆ చట్టాలను రద్దు చేశారు. మంచివో చెడ్డవో తేలకముందే అవి పోయాయి. పరిశీలనను దాటేసి మిగుల్చుకున్న కొద్ది వారాలకు ప్రభుత్వం చెల్లించిన మూల్యం అది.

బిల్లును స్థాయీ సంఘానికి పంపాలా వద్దా అన్నది ఇప్పుడు సభాధ్యక్షుల విచక్షణకు వదిలేశారు. ఆర్థిక బిల్లులు, నిజమైన అత్యవసరాలు మినహా ప్రతి బిల్లూ సంఘానికి వెళ్లి తీరాలని ఉభయ సభల నిబంధనల్లో రాయాలి. ఏ పార్టీ గెలిచినా ఈ మాట అడగాల్సిన బాధ్యత మనం ఓటేసి పంపిన ఎంపీలది. వాళ్లు అడిగేలా చూసుకోవాల్సింది మనం.