తాళాలగుత్తి మనిషి

న్యూయార్క్‌లో కుక్కను వీధిలోకి తెస్తే దాని పట్టీ ఆరడుగులకు మించకూడదు. కరోనాకు ఎంతో ముందునుంచీ ఉన్న నియమమే అది. 2020 మార్చిలో మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులు వదలమన్నప్పుడు, ఆ ఊళ్ళో కుక్కల్ని తిప్పి బతికేవాళ్ళకు కొత్తగా కొలత నేర్చుకునే పని లేకపోయింది. కొద్దిరోజుల్లో అసలు పనే లేకపోయింది.

కుక్కను తిప్పడానికీ జీతమా అని మనవాళ్ళు చాలామంది నవ్వుతారు. నవ్వే ముందు మన్‌హటన్‌లో ఒక మామూలు పనిరోజు ఎలా ఉండేదో చూడాలి. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే ఆఫీసుకు పోతారు. ఇల్లు ఎక్కడో ఇరవయ్యో అంతస్తులో. పెరడు లేదు, వాకిలి లేదు. సాయంత్రం దాకా ఆ కుక్క ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. అందుకని మధ్యాహ్నం పూట ఒక మనిషి వస్తాడు. అతని నడుముకు తాళాలగుత్తి వేలాడుతుంటుంది, ఒక్కో తాళంచెవీ ఒక్కో ఇంటిది. తలుపు తీసి, పట్టీ తగిలించి, లిఫ్టులో కిందికి దించి, అరగంట తిప్పి, అది విసర్జించింది సంచిలోకి ఎత్తి, మళ్ళీ పైకి తీసుకొచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి, తాళం వేసి పక్కవీధికి పరుగు. దీనికి అప్పట్లో సుమారు ఇరవై డాలర్లు. యాప్ ద్వారా దొరికిన పనైతే అందులో రోవర్ అనే కంపెనీ ఐదో వంతు పట్టుకునేది, వ్యాగ్ అనేది నలభై శాతం. ఏ కుక్కకు ఏ కుక్కంటే పడదో, ఏది సైకిల్ కనిపిస్తే మీదికి ఉరుకుతుందో, ఏ ముసలిదానికి మెట్లు ఎక్కితే నడుము నొప్పో, అదంతా ఎక్కడా రాసి ఉండదు. అతనికి తెలుసు, అంతే. ఎవరూ లేని ఇంటి తాళాన్ని పరాయివాడి చేతిలో పెట్టడం సామాన్యమైన నమ్మకం కాదు.

కానీ ఈ బతుకుతెరువంతా నిలబడింది యజమాని ఇంట్లో ఉండడన్న ఒక్క ఏర్పాటు మీదే. మార్చి 22న న్యూయార్క్ రాష్ట్రం అత్యవసరం కాని ఆఫీసులన్నిటినీ మూయించింది. యజమాని ఇంట్లోనే కూర్చున్నాడు, పైగా కాళ్ళు చాచుకోవడానికి ఆయనకే బయటికి పోయే సాకు కావాల్సి వచ్చింది. కుక్కకు అంతకంటే మంచి రోజులు ఎప్పుడూ రాలేదు.

ఇక్కడే అసలు తమాషా. ఆ రాష్ట్రం ప్రకటించిన అత్యవసర సేవల జాబితాలో, జంతు సంరక్షణ కింద, కుక్కల్ని తిప్పే పని పేరుపెట్టి మరీ ఉంది. అంటే నర్సు, కిరాణా కొట్టువాడు, బస్సు డ్రైవరు ఉన్న పట్టికలోనే ఇతనూ ఉన్నాడు. ప్రభుత్వం నువ్వు తప్పనిసరి అంది. ఫోనులోకి వచ్చిన మెసేజ్ ఇక రానక్కర్లేదు అంది. మార్చి నెలాఖరుకు రోవర్ తన సిబ్బందిలో 41 శాతాన్ని తీసేసిందని పత్రికలు రాశాయి. ఆ లెక్కలోకి వచ్చినవాళ్ళు కంపెనీ ఉద్యోగులు. వీధుల్లో కుక్కల్ని తిప్పేవాళ్ళు ఉద్యోగులే కారు కాబట్టి వాళ్ళను ఎవరూ తీసెయ్యనూ లేదు. ఆ జాబితా ఇచ్చింది వీధిలో నడిచే అనుమతి ఒక్కటే, కూలి దాని సంగతి కాదు.

దీనికి తోడు భయం ఒకటి. ఫిబ్రవరి చివర్లో హాంకాంగ్‌లో ఒక పొమెరేనియన్‌కు వైరస్ ఆనవాళ్ళు కనిపించాయి. ఏప్రిల్ మొదట్లో న్యూయార్క్‌లోనే, బ్రాంక్స్ జూలో ఒక పులికి పాజిటివ్ వచ్చింది. జూన్‌లో స్టేటెన్ ఐలండ్‌లోని ఒక జర్మన్ షెపర్డ్‌కు వచ్చిందని అధికారికంగా తేలింది. మనుషులకు అంటించడంలో పెంపుడు జంతువుల పాత్ర పెద్దగా ఉన్నట్టు ఆధారాలు లేవని వైద్యాధికారులు చెబుతూనే ఉన్నారు. కుక్కను శానిటైజర్‌తో తుడవకండి, దానికి మాస్కు తగిలించకండి అని కూడా చెప్పాల్సి వచ్చింది వాళ్ళకు.

మరి ఆ జాబితాలో పేరు ఎందుకు రాసినట్టు? ఏప్రిల్‌లో తెలిసింది. ఆసుపత్రుల్లో రాత్రింబవళ్ళు పనిచేసే నర్సుల ఇళ్ళలో కుక్కలున్నాయి. ఒంటరిగా బతికే పెద్దవాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. అంబులెన్సు వచ్చి మనిషిని తీసుకుపోతే కుక్క లోపలే ఉండిపోతుంది, బయట తలుపుకు తాళం. ఇలాంటి ఇళ్ళ కోసం ఆ నగరం పెంపుడు జంతువుల సహాయానికి ప్రత్యేకంగా ఒక ఫోను నంబరే పెట్టాల్సి వచ్చింది. అటువంటప్పుడు తాళంచెవి ఉన్నది ఎవరి దగ్గర? కుక్క తెలిసిన మనిషిగా గుర్తుపట్టి తోక ఊపేది ఎవర్ని చూసి? ఏడాది పొడవునా కొన్న అరగంటలకు అసలు విలువ అక్కడుంది.

సాయం అందలేదని అనను. మార్చి 27న సంతకమైన అమెరికా కరోనా సాయం చట్టం కేర్స్ కింద, సొంతంగా పనిచేసుకునేవాళ్ళకూ నిరుద్యోగ భృతి కల్పించారు. దానిపైన జూలై నెలాఖరు దాకా వారానికి మరో 600 డాలర్లు. పన్ను కాగితాలున్న డాగ్ వాకర్ కొంత గట్టెక్కాడు. వలస కాగితాలు లేకుండా ఆ దేశానికి వచ్చి, నోట్లు చేతిలో పుచ్చుకుని కుక్కల్ని తిప్పినవాడికి ఇందులో ఏమీ లేదు. అలాంటివాళ్ళ కోసం న్యూయార్క్ రాష్ట్రం వేరే నిధి పెట్టింది 2021లో. అప్పటికి ఏడాది గడిచిపోయింది.

స్పెయిన్‌లో ఇంకో చోద్యం. మార్చి మధ్యనుంచి ఏప్రిల్ 26 దాకా పిల్లలు గడప దాటడానికి వీల్లేదు, కుక్కను మాత్రం తిప్పుకోవచ్చు. ఒకాయన బొమ్మకుక్కకు పట్టీ కట్టి ఈడ్చుకెళ్తూ పోలీసులకు దొరికిపోయాడు.

మన సంగతికి వద్దాం. గచ్చిబౌలి, కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు పొద్దున్నే లాబ్రడార్లను తిప్పే కుర్రాళ్ళను చూసే ఉంటారు. కొందరు అదే అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకులు, కొందరు ఏ బస్తీనుంచో బండిమీద వస్తారు. లాక్‌డౌన్‌లో ఇంటినుంచి మూడు కిలోమీటర్లు దాటొద్దన్నారు తెలంగాణ పోలీసులు. సాయంత్రం ఏడునుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. గేటెడ్ కమ్యూనిటీలు బయటివాళ్ళకు గేట్లు మూశాయి. మార్చి 29న కేంద్ర హోంశాఖ కోత లేకుండా జీతాలివ్వాలని ఉత్తర్వు వేసింది గానీ, అది పరిశ్రమలకూ దుకాణాలకూ వాణిజ్య సంస్థలకూ వర్తించే మాట. ఇల్లు అందులో లేదు. నాకు తెలిసిన ఇళ్ళలో కొన్ని పనిమనిషికి జీతం పంపాయి, డ్రైవరుకూ పంపాయి. కుక్కను తిప్పే అబ్బాయి ఎవరికీ గుర్తురాలేదు. చెడ్డవాళ్ళు కాబట్టి కాదు. అతనికిచ్చేది జీతం అని ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి.

యజమానులకూ జీతాలు కోశారు కదా అనొచ్చు. నిజమే, కోత పడినవాడు పూర్తిగా ఇవ్వలేడు. కోత పడనివాళ్ళ గురించే నా మాట.

ఆ తర్వాతి కథ అందరికీ తెలుసు. కరోనా కాలంలో అమెరికాలో సుమారు 2.3 కోట్ల కుటుంబాలు కుక్కనో పిల్లినో తెచ్చుకున్నాయని అక్కడి జంతు సంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ లెక్క. అంటే దాదాపు ఐదిళ్ళకు ఒకటి. అప్పుడు పెరిగిన కుక్కపిల్లలు ఖాళీ ఇల్లంటే ఎరగవు. ఆఫీసులు తెరిచేసరికి ఏడుపులు, సోఫాలు కొరకడాలు. మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి, పాత మనిషి ఎక్కడున్నాడని. కొందరు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు రేటు పెంచితే దాన్ని దోపిడీ అనడానికి నాకు నోరు రాదు.

ఈ వృత్తిలో అక్కడ ఒక షరతు మామూలు. ముందురోజు చెప్పకుండా రద్దు చేస్తే ఆ అరగంట డబ్బు కట్టాల్సిందే. ఒక్క పూట రద్దుకు ఇంత ఆలోచించినవాళ్ళు నెలల తరబడి రద్దయితే ఏమిటని ఆలోచించలేదు. మనదగ్గరైతే ఒక్క పూట షరతు కూడా లేదు. అపార్టుమెంటు సంఘాలు ఈ కుర్రాళ్ళ పేర్లు పనివాళ్ళ రిజిస్టరులో రాయాలి. గేటు మూయాల్సి వస్తే మొదటి రెండు నెలలు సగం జీతం ఆ ఇల్లే ఇవ్వాలని ఒక వాక్యం చేర్చాలి. ఖర్చెక్కువ అనేవాళ్ళు తమ కుక్క తినే విదేశీ తిండి సంచిమీద ధర ఒకసారి చూసి, ఆ తర్వాత మాట్లాడండి.