బుద్ధిగా ఉన్నందుకు బతకలేదు

మొన్న ఆదివారం డిగ్రీ చదివే మా అమ్మాయితో కూర్చుని ‘హాలోవీన్’ మళ్ళీ చూశాను. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన సినిమా. తెల్ల మాస్కు వేసుకున్నవాడు కత్తి పట్టుకుని, రాత్రిపూట పక్కిళ్ళలో పిల్లల్ని చూసుకోవడానికి వెళ్ళిన అమ్మాయిల వెంటపడతాడే, అదన్నమాట. నేను ఏడో తరగతిలో ఉండగా పెదనాన్న గారింట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చారు. పెద్దవాళ్ళ వెనక నక్కి చూశాను. రెండు వారాలు పెరట్లోకి ఒంటరిగా వెళితే ఒట్టు.

ఆ భయం పోయింది గానీ, ఆ రాత్రి మావయ్య ఒకాయన అన్న మాట పోలేదు. "చూశారా, అబ్బాయిలతో తిరిగినవాళ్ళు పోయారు, బుద్ధిగా ఉన్న పిల్ల బతికింది." ఆడపిల్లలం ఐదుగురం ఉన్నాం అక్కడ. ఒక్కరం నోరెత్తలేదు. సినిమా నీతి అదే కాబోలనుకున్నాను ఇన్నాళ్ళూ.

కాదండీ! ఆ బుద్ధిమంతురాలు లారీ కారులో స్నేహితురాలితో కలిసి గంజాయి తాగుతుంది. మావయ్యకి అది కనబడలేదు. బాబ్ అనే అబ్బాయీ చస్తాడు, అతని నడవడి గురించి ఎవరైనా ఒక్క మాటన్నారా? నీతులు చెప్పడానికి తీయలేదని కార్పెంటరే అన్నాడు. ఆయనతో కలిసి కథ రాసింది, సినిమా నిర్మించింది డెబ్రా హిల్ అనే ఆవిడ.

మరి ఆ పిల్లలెందుకు పోయారు? హంతకుడు పిచ్చాసుపత్రి నుంచి పారిపోయి ఊళ్ళోకి వచ్చాడని డాక్టర్ లూమిస్‌కి తెలుసు. షెరీఫ్‌కి చెప్పాడు. రేడియోలో, టీవీలో చెప్పిద్దామని షెరీఫ్ అంటే డాక్టరే వద్దన్నాడు, అందరికీ ప్రతి మలుపులో వాడే కనిపిస్తాడట! ఇద్దరు పెద్దమనుషులు సంగతి తెలిసి నోరు మూసుకున్నారు. ఆ స్నేహితురాళ్ళలో మొదట చచ్చిన ఆనీ ఎవరనుకున్నారు? ఆ షెరీఫ్ కూతురే.

ఇంకొకటి. లారీ ప్రాణభయంతో పక్కింటి తలుపు బాదుతుంది, కాపాడమని అరుస్తుంది. లోపల లైటు వెలుగుతుంది. ఎవరో తొంగి చూస్తారు. లైటు ఆరిపోతుంది. చిన్నప్పుడు చూసిన కత్తి, మాస్కు అన్నీ గుర్తున్నాయి, ఇది మాత్రం అస్సలు గుర్తులేదు. ఆ లైటు ఆర్పినవాళ్ళ నడవడి గురించి మావయ్య ఏమీ అనలేదు మరి.

మావయ్య ఒక్కడేనా? ఎక్కడ ఏ పిల్లకి ఏం జరిగినా "ఆ టైంలో అక్కడేం పని" అనే కదా మన మొదటి ప్రశ్న. అడిగేది ఎక్కువగా మనమే, ఆడవాళ్ళమే.

సినిమా మొదట్లో, ఎవడో తనని గమనిస్తున్నాడని లారీ అంటే ఆనీ వేళాకోళం చేస్తుంది. అక్కడ మా అమ్మాయి సినిమా ఆపింది. "కిందటేడు బస్టాపు దగ్గర ఒకడు రోజూ వెంట వస్తున్నాడంటే నువ్వూ ఇలాగే అన్నావమ్మా, నీకలా అనిపిస్తుందిలే అని."

అన్నాను. నిజమే. ఆ తర్వాత అది ఆ సంగతి మళ్ళీ నాకు చెప్పలేదు. తగ్గిందేమో అనుకుని నేనూ అడగలేదు.