ప్రోగ్రాం మాలకుది, వేళ్లు మనవా?



షోలాపూరులోని ఒక తువ్వాళ్ల మిల్లులో, బేళ్లు కట్టే హైడ్రాలిక్ ప్రెస్సు కింద పడి మన తోటి కార్మికుడి రెండు వేళ్లు పోయిన సంగతి మీకందరికీ తెలుసు. ఆయన ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన నాలుగో రోజున యాజమాన్యం నుంచి కవరు వచ్చింది. పరిహారం కాబోలు అనుకున్నారు ఇంట్లోవాళ్లు. విప్పితే ఛార్జిషీటు! యంత్రం నడుస్తుండగా అజాగ్రత్తగా చెయ్యి పెట్టినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలట. కాగితం మరాఠీలో వుంది. చదివి అర్థం చెప్పింది మేమే.

మేము ఒకే ఒక్క ప్రశ్న అడిగాం. ముందు తలుపు తెరిచి వుంటే ఆ ప్రెస్సు కదలకూడదు కదా, ఎట్లా కదిలింది?

దీనికి జవాబు రాబట్టడానికి మూడు వారాలు పట్టింది. తలుపు మూస్తే నొక్కుకునే స్విచ్చి ఒకటి వుంటుంది. అంతకు రెండు నెలల ముందే, ఒక రాత్రి పాళీలో అది చెడిపోయింది. ఎగుమతి సరుకు తెల్లారేసరికి లారీ ఎక్కాలి. సర్వీసు ఇంజనీరును పిలిపించారు. ఆయన ప్యానెలుకు లాప్‌టాప్ తగిలించి, ప్రోగ్రాంలో ఆ స్విచ్చి వుండాల్సిన చోట ఎప్పుడూ ‘ఆన్’గా వుండే బిట్టు ఒకటి పెట్టి, రెండు రోజుల్లో కొత్త స్విచ్చి పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ప్రెస్సు నడిచింది. లారీ వెళ్లింది. స్విచ్చి రాలేదు. రాకపోయినా యంత్రం ఆగడం లేదు గనక దాని మాట ఎత్తినవాడు లేడు. ఆ రోజు నుంచి తలుపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఆ సంగతి ప్యానెలు మీద రాయలేదు, రిజిస్టరులో రాయలేదు, మూడు పాళీల్లో ఒక్కరికీ చెప్పలేదు. ప్యాకింగ్ ఖాతాలో వున్నదంతా కాంట్రాక్టు మనుషులు. దెబ్బ తగిలినాయన ఆ మార్పు జరిగిన తర్వాత పనిలో చేరినవాడు. బేలు చుట్టూ గోనెపట్టా సర్దుతున్నాడు. పేర్చిన బేళ్ల వెనక బటన్ దగ్గర నిలబడ్డ మనిషికి ఈయన కనబడడు. ఇద్దరి మధ్యా కాపలాగా వున్నది ఆ తలుపు స్విచ్చి ఒక్కటే. అది కాస్తా ప్రోగ్రాంలో చచ్చిపోయి రెండు నెలలయింది.

ఇక చెప్పండి, అజాగ్రత్త ఎవరిది?

ఇందులో ఇంకొక మాట వుంది, అది వింటే మీకు మరింత మంట పుడుతుంది. రెండో పాళీ ఫిట్టరు ఒకాయన ముందే అనుమానపడ్డాడు. తలుపు మూసినా, తీసినా పి.ఎల్.సి. మీద ఆ ఇన్‌పుట్ దీపం వెలగడం లేదు, అయినా ప్రెస్సు దిగుతోంది. ఇది తిరకాసుగా వుందని సూపర్వైజరుకు చెప్పాడు. ‘నడుస్తోంది కదా, నీకెందుకు’ అన్నారు. ప్రోగ్రాం తెరిచి చూద్దామంటే పాస్‌వర్డు సర్వీసు కంపెనీ దగ్గర వుంది. మాలకు దగ్గర కూడా లేదట! లక్షలు పోసి కొన్న యంత్రానికి తాళంచెవి అమ్మినవాడి జేబులోనే వుంది.

ఆ ప్రెస్సు బలం ఎంతో లెక్క వేసి చూద్దాం. సిలిండరు బోరు 15 సెంటీమీటర్లు అనుకోండి, నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు. పిస్టను వైశాల్యం సుమారు 176 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే 26 టన్నులు దాటుతుంది. దాని ముందర మనిషి వేలు ఎంత? ‘గాలితో నడిచేవాటికి భయం లేదు’ అనే మాట కూడా మన ఖాతాల్లో వింటూ వుంటాం. అది తప్పు. 10 సెంటీమీటర్ల బోరున్న గాలి సిలిండరు 6 కిలోల ఒత్తిడి మీద 470 కిలోల బలంతో తోస్తుంది. వేలి ఎముక విరగడానికి ఆ బలం చాలు.

యాజమాన్యాలు ఏమంటాయి? ఇది కంప్యూటర్ పని, మీకు అర్థం కాదు అంటాయి. అర్థం కాదా? ఈ పి.ఎల్.సి. ఎట్లా పుట్టిందో వాళ్లకు తెలియకపోతే మేము చెబుతాం. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగానికి ఒక చిక్కు వచ్చింది. కారు మోడల్ మారినప్పుడల్లా గోడంత రిలే ప్యానెళ్లను ఊడబీకి మళ్లీ వైరింగు చేయాల్సి వచ్చేది. వైర్లు మార్చకుండా రాత మార్చుకునే పెట్టె కావాలని అడిగారు. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అట్లా 1969లో వచ్చింది. దాని ప్రోగ్రాంను లెక్కల భాషలో పెట్టలేదు. నిచ్చెన బొమ్మలాగా, రెండు నిలువు గీతల మధ్య మెట్లు మెట్లుగా పెట్టారు. ఎందుకు? రిలే డ్రాయింగు చదవడం అలవాటైన ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను ఏ డిగ్రీ లేకుండా చూసి పోల్చుకోవాలని! కార్మికుడు చదవాలని తయారైన రాతను కార్మికుడికే కనబడకుండా తాళం వేసినవాళ్లు ఇప్పుడు మనకు అర్థం కాదంటున్నారు.

మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చారు. సాంచా చప్పుడు విని నాడె ఎక్కడ తగులుతోందో చెప్పిన జాబర్లు వాళ్లలో వున్నారు. వాళ్లకు ఎవరు పాస్‌వర్డు పెట్టారు? ఇనుములో వున్నదంతా కంటికి కనబడేది, చెవికి వినబడేది. ఇప్పుడు యంత్రం బుద్ధిని పెట్టెలో పెట్టారు. పెట్టె మూసిన మర్నాటి నుంచి పనివాడు ‘అన్‌స్కిల్డ్’ అయ్యాడు, పగారు ఆ లెక్కన కట్టారు. మాకు తెలిసినంతలో అసలు గుట్టు ఇక్కడే వుంది.

నూలు అద్దకం ఖాతా సంగతి చూడండి. వాల్వు తెరుచుకోలేదని తెర మీద వస్తుంది, యంత్రం ఆగుతుంది. ఆగిన గంటలు ఆపరేటరు లెక్కలో రాస్తారు. నిజానికి వెతకడం బ్రహ్మవిద్య కాదు. పి.ఎల్.సి. మీద అవుట్‌పుట్ దీపం వెలిగిందా? వెలగకపోతే ప్రోగ్రాం ఇంకా దేనికోసమో కాచుకుని వుందని అర్థం, ఏ ఇన్‌పుట్ రాలేదో చూడాలి. వెలిగితే సోలెనాయిడ్ కాయిల్ దగ్గర 24 వోల్టులు వున్నాయా? వోల్టేజి వుండి కూడా వాల్వు మారకపోతే కాయిల్ కాలి వుంటుంది, లేదా లోపలి స్పూలు పట్టేసి వుంటుంది. వాల్వు మారి సిలిండరు కదలకపోతే గాలి ఒత్తిడి చూడాలి. అంతా కదిలి కూడా తెర మీద తప్పే చూపిస్తుంటే, సిలిండరు మీది రీడ్ స్విచ్చి అదురుకు జరిగిపోయి వుంటుంది. ఒక స్క్రూ వదులు చేసి, దీపం వెలిగే చోట బిగిస్తే సరిపోతుంది. ఒక ఖాతాలో వారం రోజులు మనవాళ్ల మీద జరిమానా రాసిన తప్పు చివరికి ఏమిటో తెలుసా? కంప్రెసరు గాలిలో నీళ్లు. ఫిల్టరు గిన్నె నిండినా ఖాళీ చేసే మనిషిని పెట్టలేదు. నీళ్లు లోపలికి పోయి స్పూళ్లు పట్టేశాయి. గిన్నె కింది చిల్లి తిప్పితే పోయేదానికి సర్వీసు ఇంజనీరుకు రానుపోను ఖర్చులు, మనకు జరిమానా!

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యకుండా ముందుకు పోలేము. వెతికేవాడు ముందు తన ప్రాణం చూసుకోవాలి. కరెంటు తీసినంత మాత్రాన యంత్రం చచ్చిపోదు. సిలిండరులో గాలి, పైపుల్లో నూనె ఒత్తిడి అట్లాగే వుంటాయి. పైకెత్తి వున్న ప్లేటు, హోసు విప్పగానే మీద పడుతుంది. మెయిన్ తీసి తాళం పెట్టండి, గాలి వాల్వు మూసి లోపలి గాలి వదిలెయ్యండి, గేజి సున్నాకు వచ్చిందని కంటితో చూడండి, ప్లేటు కింద ఆసరా పెట్టండి. సోలెనాయిడ్ మీది చిన్న మీటను స్క్రూడ్రైవరుతో నొక్కి చూసే అలవాటు చాలామందికి వుంది. దాన్ని నొక్కితే ప్రోగ్రాంతో, తలుపు స్విచ్చితో పని లేకుండా సిలిండరు కదిలిపోతుంది. అద్దకం డబ్బాలో మరిగే నీళ్లున్నప్పుడు ఆ సరదా వద్దు.

మన తప్పులు మనమూ ఒప్పుకోవాలి. రెండు చేతులతో నొక్కాల్సిన బటన్లలో ఒకదానికి రబ్బరు ట్యూబు చుట్టి ఒంటి చేత్తో నడిపేవాళ్లు మనలో లేరా? పీసు రేటు అట్లా తరుముతుంది, నిజమే. కాని ప్రోగ్రాంలో బిట్టు పెట్టిన ఇంజనీరును తిట్టే నోటితో రబ్బరు ట్యూబును సమర్థించలేము. ‘మనకెందుకు, ముట్టుకుంటే మన మీదికే వస్తుంది’ అనే సోదరులకు కూడా ఒక మాట. ముట్టుకోకపోయినా ఆ ప్యాకింగ్ కార్మికుడి మీదికి వచ్చింది కదా!

ప్రతివాడూ ప్రోగ్రాం మార్చాలని మేము అడగడం లేదు. చదవడం వేరు, మార్చడం వేరు. మార్చే అధికారం లేకుండా చూడడానికి మాత్రమే పాస్‌వర్డు ఇచ్చే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో వుంది. దాచి వుంచిన ప్రతిని, నడుస్తున్న ప్రోగ్రాంను పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వుందో చూపే సౌకర్యమూ వుంది. ఆ ప్రెస్సు విషయంలో నెలకొకసారి అట్లా పోల్చి వుంటే ఆ బిట్టు మొదటి నెలలోనే బయటపడేది. ప్రతి లేకపోతే మాలకుకూ నష్టమే. పాతరకం పి.ఎల్.సి.లో బ్యాటరీ అయిపోతే ప్రోగ్రాం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, యంత్రం ఇనుపముక్కగా మిగులుతుంది.

మా డిమాండ్లు యాజమాన్యానికి రాసి ఇచ్చాం. ప్రతి ప్రెస్సు, ప్రతి అద్దకం యంత్రం దగ్గర నిచ్చెన బొమ్మ, వాల్వుల డ్రాయింగు అచ్చు వేసి వుంచాలి. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా తేదీ, పాళీ, చేసినవారి సంతకం రిజిస్టరులో వుండాలి. రక్షణ స్విచ్చి పనిచెయ్యనప్పుడు యంత్రం ఆగాలి, ప్రోగ్రాంతో దాన్ని దాటించడం ఎవరికీ చెల్లదు. ఫిట్టర్లకు, వైర్‌మన్లకు పాళీ సమయంలోనే, పగారుతో శిక్షణ ఇవ్వాలి. ప్రమాదం జరిగితే పి.ఎల్.సి.లో వున్న ప్రోగ్రాంను భద్రతా కమిటీ ముందు చదివేదాకా కార్మికుడికి ఛార్జిషీటు ఇవ్వకూడదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 1948 ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణతోనే, తన భద్రత గురించిన సమాచారం యజమాని నుంచి పొందే హక్కు 111-ఏ సెక్షన్ కింద కార్మికుడికి వచ్చింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఆ కోడ్ మీద మాకు వున్న అభ్యంతరాలు చాలా వున్నాయి, అవి వేరే సంచికలో. కాని సమాచారం పొందే హక్కు అందులోనూ వుంది. తలుపు స్విచ్చి పనిచేస్తోందా లేదా అన్నది భద్రత సమాచారం కాకపోతే మరేది?

విచారణ జరిగే రోజున ఆ ఫిట్టరు సాక్ష్యం చెబుతానన్నాడు. ఆయన వెనక నిలబడాల్సింది మనం. ఈలోగా ప్రెస్సుల దగ్గర వున్నవాళ్లు ప్రతి పాళీ మొదట్లో ఒక పని చెయ్యండి. ప్రెస్సు దగ్గర మనుషులెవరూ లేకుండా చూసుకుని, తలుపు తెరిచి పెట్టి, దూరంగా నిలబడి బటన్ నొక్కండి. ప్రెస్సు కదిలిందంటే మెయిన్ తీసెయ్యండి, తేదీ, టైము కాగితం మీద రాసి సూపర్వైజరు చేత సంతకం పెట్టించండి. ఆయన పెట్టనంటే ఆ మాట కూడా రాసి, కాగితం యూనియన్ ఆఫీసుకు తీసుకురండి.