దావీదుకీ భయమేసింది

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు వరసగా నాలుగు రోజులు పొద్దున్నే కడుపునొప్పి అంది. ఆదివారం రాని నొప్పి, సెలవు రోజు రాని నొప్పి, సరిగ్గా స్కూలు ఆటో హారన్ వినపడే వేళకి వచ్చేది. వేషాలు అనుకున్నాను. నాలుగో రోజు జడలు వేస్తుంటే మెల్లగా, "ఆటోలో భయమేస్తోందమ్మా" అంది. నేనేమన్నానో దాచుకోకుండా చెబుతాను. "దావీదు అంత పెద్ద గొల్యాతుని చూసి భయపడ్డాడా? నువ్వు యేసయ్య బిడ్డవి. ప్రార్థన చేసుకుని ఎక్కు" అన్నాను. అది కళ్ళు మూసుకుంది, పెదాలు కదిపింది, ఎక్కింది. గేటు దగ్గర నిలబడి ఎంత మురిసిపోయానో! పిల్లకి విశ్వాసం నేర్పుతున్నానని.

తర్వాతి వారం పక్క వీధి ఆవిడ చెబితే అసలు సంగతి తెలిసింది. ఆ డ్రైవరు వెనక పిల్లల్ని కుక్కి, చోటు చాలక ఇద్దరు చిన్నవాళ్ళని తన సీటు పక్కన అంచు మీద కూర్చోబెడుతున్నాడు. ఒక కాలు బయట వేలాడుతుంటే కడ్డీ పట్టుకుని కూర్చోవాలి. ఆ ఇద్దరిలో మాది ఒకతి. ఓ రోజు మలుపులో జారబోతే వెనకనుంచి పెద్ద పిల్లెవరో స్కూలు బ్యాగు పట్టుకుని లాగిందట. ఇంటికొచ్చి, "నాకెందుకు చెప్పలేదే?" అని దాని మీదే అరిచాను.

"చెప్పాను కదమ్మా. నువ్వు ప్రార్థన చేసుకోమన్నావు. భయపడితే యేసయ్యకి నచ్చదు కదా?" అంది.

ఆటో మాన్పించేశాం. పొద్దున వాళ్ళ నాన్నగారు దింపుతారు, సాయంత్రం నేను నడిచి వెళ్ళి తెచ్చుకుంటాను. ఆ జవాబు మాత్రం నన్ను వదల్లేదు. పిల్ల భయం అబద్ధం కాదు. ప్రమాదం ఉందని దానికి తెలిసింది, తెలిసినంతవరకు చెప్పింది కూడా. దేవుడు దాని ఒంట్లో పెట్టిన గంట అది. మోగుతుంటే నేనెళ్ళి గుడ్డ కప్పాను, అదీ బైబిలు కథతో.

అందుకే ఇది రాస్తున్నాను, కొందరికి కోపం వచ్చినా సరే. "భయం వద్దు, విశ్వాసం ఉంచు" అని చిన్నపిల్లలకి మనం నేర్పుతున్న తీరులో పెద్ద తప్పుంది. ఎవర్నో వేలెత్తి చూపడం లేదు, సండే స్కూల్లో నేనూ కొన్నేళ్ళు టీచర్నే. చార్టు మీద ఒక పక్క నల్ల స్కెచ్చుతో భయం, ఇంకో పక్క పసుపు రంగుతో విశ్వాసం అని రాసి "మీరు ఏ పక్క?" అని అడిగిన మహాతల్లిని నేనే. ఐదేళ్ళ పిల్లాడు ఏం చేస్తాడు? అందరితో పాటు పసుపు పక్కకి చెయ్యెత్తుతాడు. రాత్రి ఇంట్లో దుప్పటి ముసుగెట్టుకుని వణుకుతాడు, ఎవరికీ చెప్పడు. వాడికి మనం నేర్పింది విశ్వాసం అనుకుంటున్నామా?

అసలు ఆ భయాన్ని వాడిలో పెట్టిందెవరు? అన్నం తినకపోతే బూచోడు, అల్లరి చేస్తే పోలీసు, నిద్రపోకపోతే సూది వేసే డాక్టరు. "తప్పు, కళ్ళు పోతాయ్, లెంపలేసుకో" అనే మాట మన దగ్గర ఏ మతం వాళ్ళింట్లోనైనా వినపడుతుంది. మన ఇళ్ళల్లో దానికి ఒక వచనం కూడా తోడవుతుంది, అంతే తేడా. "దేవుడు చూస్తున్నాడు" అన్నది ఓదార్పు మాట. దాన్ని సీసీ కెమెరా చేసేశాం. ఎలీషాని బోడివాడా అని వెక్కిరించినవాళ్ళలో 42 మందిని ఎలుగుబంట్లు చీల్చేసిన కథ ఉంది కదా, రాజులు రెండో గ్రంథంలో. పెద్దవాళ్ళకే మింగుడుపడని కథ అది. ప్రార్థనలో గుసగుసలాడే నాలుగేళ్ళ పిల్లలకి దాన్ని చెప్పేవాళ్ళని నా కళ్ళారా చూశాను. ఆరు రోజులు భయపెట్టి, ఏడో రోజు "భయపడకూడదు" అని పాట నేర్పిస్తాం.

వెంటనే ఒక మాట వస్తుంది, నాకు తెలుసు. "దేవుని యందు భయభక్తులు ఉండాలి కదమ్మా, అవి లేకపోతే పిల్లలు చేతికి దొరకరు." ఉండాలి. డిగ్రీలో తెలుగు మేష్టారు చెప్పినది నాకింకా గుర్తుంది: ద్వంద్వ సమాసంలో రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం. భయభక్తుల్లో మొదటి ముక్క పిల్లలకిచ్చేసి, రెండో ముక్క పెద్దయ్యాక వాళ్ళే వెతుక్కుంటారులే అని వదిలేశాం. పరిపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఉన్న మాట మనందరికీ కంఠతా వచ్చు. భయపడే పిల్లకి "నీకు ప్రేమ చాలలేదు" అనడానికి దాన్నే వాడతాం. ఆ వచనం చివరిదాకా చదవండి. అక్కడ భయాన్ని దండనతో ముడిపెట్టాడు యోహాను. కొడతారేమో, శిక్షిస్తారేమో అనే భయం అది. మనం రోజూ పెంచి పోషించేది సరిగ్గా దాన్నే.

ఇక దావీదు సంగతి. పిల్లలకి మనం చెప్పే కథ సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంతో ఆగిపోతుంది. ఐదు రాళ్ళు, ఒక వడిసెల, గొల్యాతు పడ్డాడు, చప్పట్లు. నాలుగు అధ్యాయాలు దాటి 21కి రండి. సౌలు చంపడానికి తరుముతుంటే అదే దావీదు పారిపోతాడు. నోబులో యాజకుడి దగ్గర గొల్యాతు కత్తినే తీసుకుని, పోయి పోయి గాతుకి వెళతాడు. గాతు ఎవరి ఊరు? గొల్యాతు ఊరే! అక్కడ వాళ్ళు గుర్తుపట్టేసరికి దావీదుకి విపరీతమైన భయం వేసిందని బైబిలే రాసింది. ఏం చేశాడు? పిచ్చివాడిలా నటించాడు. తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీద చొంగ కార్చుకున్నాడు. రాజు ఆకీషు చిరాకుపడ్డాడు, పిచ్చివాళ్ళు నాకేం తక్కువని ఇతన్ని తెచ్చారని. అలా బతికి బయటపడ్డాడు మన వీరుడు.

56వ కీర్తన పైన ఉండే చిన్న అక్షరాలు మనం సాధారణంగా చదవం. ఫిలిష్తీయులు గాతులో దావీదుని పట్టుకున్నప్పటిదని అక్కడే ఉంది. ఆ కీర్తనలో అతను నాకు భయం లేదని మొదలుపెట్టడు. ముందు భయం వేసే రోజు ఒకటి ఉంటుందని ఒప్పుకుంటాడు, ఆ రోజున నిన్నే ఆశ్రయిస్తానంటాడు. భయపడనన్న మాట ఆ తర్వాతే వస్తుంది. నా బిడ్డకి జడ వేస్తూ నేను చెప్పాల్సిన దావీదు ఇతను. నేను 17వ అధ్యాయంతో పుస్తకం మూసేశాను.

గిద్యోనునే తీసుకోండి. మిద్యానీయులకి భయపడి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్న మనిషి. గొర్రెబొచ్చుతో దేవుణ్ణి ఒకసారి కాదు, రెండుసార్లు పరీక్షించాడు. యుద్ధం రాత్రి దేవుడు అతనితో అన్నది విని నాకు కళ్ళు చెమర్చాయి. శత్రువుల దండులోకి దిగడానికి భయమైతే నీ పనివాడు పూరాని తోడు తీసుకెళ్ళమన్నాడు. సిగ్గులేదా అనలేదు. ముందు గదిలో లైటు వేసి రావడానికి మన పిల్లలు తోడు అడిగితే మనం అనే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఏలీయా కర్మెలు కొండ మీద అంత గెలిచి, యెజెబెలు బెదిరించగానే పరుగెత్తి, బదరీ చెట్టు కింద కూలబడి చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి వాక్యం అప్పజెప్పమనలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు పెట్టాడు. తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. ఇది తల్లులకి తెలిసిన పద్ధతి. మార్కు సువార్తలో తుఫాను కథ కూడా అంతే: యేసు ముందు గాలిని గద్దించి, అది అణిగాక శిష్యుల్ని ఎందుకు భయపడ్డారని అడిగాడు. (మత్తయిలో వరస వేరే, ఎవరైనా చెప్పేలోపు నేనే చెబుతున్నాను.) నేను ఆటో సంగతి పట్టించుకోకుండా ముందు పిల్లనే గద్దించాను.

ఇంకొకటి. "ప్రార్థన చేస్తే ఏమీ కాదు" అని పిల్లలకి మాటివ్వడం మానుకోవాలి. ఆ మాట దేవుడివ్వలేదు, మనమే ఆయన తరఫున ఇచ్చేస్తున్నాం. అగ్నిగుండం ముందు ఆ ముగ్గురు యువకులు నెబుకద్నెజరుతో ఏమన్నారు? మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" అన్న ముక్క సండే స్కూలు కథల్లో ఎగిరిపోతుంది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా అమ్మాయి రోజూ మోకరించి ప్రార్థన చేసింది. అమ్మ పోయింది. "నేను సరిగ్గా చెయ్యలేదా అమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ పసిదాని నోట్లో పెట్టింది మనమే.

ఇలా పెంచితే పిల్ల పిరికిదవుతుందని మా అత్తయ్య గారి బెంగ. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?" అంటారు. అత్తయ్య గారు ఇప్పటికీ పాస్టరు గారు విసుక్కుంటారేమోనని మోకాలి నొప్పి కోసం ప్రార్థన అడగరు. అది నేను పైకి అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో భయమేస్తోందని ఎవరన్నా ముందు "ఎందుకు, ఎక్కడ, ఎవరున్నారు?" అని అడుగుతాం. చెయ్యాల్సిన పని ఉంటే చేస్తాం. ప్రార్థన అప్పుడూ ఉంటుంది, ఆ భయం పేరు చెప్పే ప్రార్థిస్తాం.

ఈ వేసవి వి.బి.ఎస్.లో చిన్నపిల్లల క్లాసు మళ్ళీ నాకే ఇచ్చారు. దావీదు కథకి రెండు రోజులు కావాలన్నాను, ఒకటి గొల్యాతుకి, ఒకటి గాతుకి. పాస్టరమ్మ గారు కాస్త ఆలోచనలో పడ్డారు. "దావీదు చొంగ కార్చుకున్నాడని చెబితే పిల్లలు పడీ పడీ నవ్వుతారేమోనమ్మా" అన్నారు.

నవ్వనివ్వండి అన్నాను.