పామర్రు నుంచి ఒక యుద్ధకథ

పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో, ఆమెకు తొంభై ఏళ్లు దాటాక వచ్చింది. అందరూ దాన్ని కమ్యూనిస్టు ఉద్యమ పుస్తకంగానే చదివారు. నాకది గుడివాడ, బందరు పల్లెల ప్రపంచయుద్ధపు కథ కూడా. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడ్డాడు. దాంతో కమ్యూనిస్టులు ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్నారు, 1942 జూలైలో వాళ్ల పార్టీ మీద నిషేధం పోయింది. ఆ వైఖరి తప్పా ఒప్పా అని నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నా చూపు ఆనాటి పాటల, నాటకాల వేదికల మీద ఉంది. అంతదాకా చాటుగా సాగిన పార్టీ పని ఊరి నడిబొడ్డుకొచ్చింది. ఫాసిజాన్ని ఎండగట్టే పాట కావాలి, నాటకం కావాలి. పసితనంలోనే వైధవ్యం మోసి, మళ్లీ పెళ్లాడిన కోటేశ్వరమ్మ కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలిలో పాడారు, నటించారు. మోటూరు ఉదయం లాంటివాళ్లు ఏకంగా బుర్రకథ దళమే కట్టారు. భుజాన తంబురా, బొటనవేలికి అందె, పక్కన డక్కీల మోత: అదంతా అంతవరకు ఎక్కువగా మగవాళ్ల సొత్తు. ఇంటి కోడలు పదిమందిలో గొంతెత్తితే జనం ముక్కున వేలేసుకునే రోజులవి! సైనికుల డైరీలు లేవని మన యుద్ధ చరిత్రను చిన్నబుచ్చడం అన్యాయం. దివిసీమలోనో బందరులోనో మీ ఇంట తొంభై దాటిన అమ్మమ్మ ఉంటే, ఆ యుద్ధపు ఏళ్లలో కిరసనాయిలు ఎలా దొరికేదో, ఏ బుర్రకథ విన్నదో అడగండి. ఫోనులో రికార్డు చేయండి, వచ్చే సంక్రాంతి దాకా ఆగకండి.