షేర్లు పోయినా స్కోర్లు మిగిలాయి

డాట్‌కామ్ జ్వరం ముదిరిన 1999 నవంబరులో మన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థకు 499 కోట్ల రూపాయల ధర కట్టింది. ఆ మూటలో ఖేల్ అనే క్రికెట్ సైటు కూడా ఉంది. మరుసటి ఏడాది క్రిక్‌ఇన్ఫో అనే మరో క్రికెట్ సైటులో 25 శాతం వాటాకు 3.75 కోట్ల డాలర్లు, అదీ షేర్ల రూపంలో. నాస్‌డాక్ అప్పటికే జారుతోంది!

1993లో పుట్టిన క్రిక్‌ఇన్ఫోకు తొలినాళ్లలో ఊపిరి పోసింది జీతం ఆశించకుండా స్కోర్లు టైపు చేసిన వాలంటీర్లు. అమెరికాలో చదువుకుంటూ మ్యాచ్ కబురుకు మొహం వాచిన మన విద్యార్థులూ వారిలో ఉన్నారు. బుడగ పేలాక అది 2003లో విజ్డెన్‌కు, 2007లో ఈఎస్‌పీఎన్‌కు చేతులు మారింది. స్కోరుకార్డులు మాత్రం భద్రంగా ఉన్నాయి. అసలు ఆస్తి అదేనని మా అభిప్రాయం.

మన యానాం ఉన్న పుదుచ్చేరి 2018-19 నుంచి రంజీ ట్రోఫీ ఆడుతోంది. యానాం కుర్రాడెవరైనా ఆ జట్టుకెక్కితే అతని ప్రతి పరుగూ క్రిక్‌ఇన్ఫోలో నమోదవుతుంది. మరి అంతకుముందు మన యానాం మైదానంలో కొట్టినవో? ఇక్కడి టోర్నీల నిర్వాహకులు ఫ్లెక్సీల ఖర్చు కాస్త తగ్గించుకుని ఒక స్కోరరును పెట్టుకోవాలి. స్కోరు పుస్తకం, పెన్ను, ఫోటో తీసి దాచడానికి ఒక ఫోను చాలు. ఆ కార్డులన్నీ ఒకచోట చేర్చే పని యానాం పాలనా యంత్రాంగం ఈ సీజన్‌లోనే చేపట్టాలి.