పేరు లేని రైలుపెట్టె

మన కళాశాల వార్షిక సంచికలో ఆటబొమ్మ రైలుపెట్టెను గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు నవ్వవచ్చును. నవ్వనిండు. జానెడు పొడవు కూడా లేని ఒక రేకుపెట్టె కొంతకాలం క్రిందట మా చేతికి వచ్చి, చరిత్ర తరగతులలో మేము నేర్వని పాఠమొకటి నేర్పి పోయింది. వస్తువుకు ఏదో ఒక పేరు తగిలించడం తేలిక. సరియైన పేరు చెప్పడం కష్టం. తెలియనప్పుడు తెలియదని వ్రాసి సంతకం చేయడం అన్నిటికంటె కష్టం. ఈ మూడవదాని పక్షాన వాదించడానికే ఈ నాలుగు మాటలు.

పాతనగరంలో మాకు పరిచయస్థులైన ఒక పెద్దాయన ఇంట, ఇనుప సందూకు అడుగున, పాత షేర్వాణీ గుడ్డలో చుట్టి ఆ పెట్టె ఉండేది. ప్రయాణికుల పెట్టె, కిటికీలలో ముద్రించిన పరదాలు, తలుపులకు ముద్రించిన పిడులు. వారి తాతగారి నాటి వస్తువు. మనుమరాలి పైచదువుకు రుసుము కట్టవలసి వచ్చినప్పుడు దానిని అమ్మడానికి ఆయన సిద్ధపడ్డారు. కొనవచ్చిన వ్యాపారి, "ఇది మార్‌క్లిన్ వారిదని చదువుకున్నవారెవరైనా వ్రాసి ఇస్తే మూడింతలు ఇస్తాను" అన్నాడట. ఆ చదువుకున్నవారం మేమేనని పెద్దాయన నమ్మకం. "ఒక్క ముక్క వ్రాయండి బేటా, అంతే కదా" అన్నారు.

ఆ ఒక్క ముక్క విలువేమిటో ముందుగా చెప్పాలి. మార్‌క్లిన్ జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో మొదలైన సంస్థ. 1891లో లైప్‌జిగ్ సంతలో వారు ఆటరైళ్ళ పట్టాల వెడల్పులకు అంకెలు నిర్ణయించి చూపారు. కొలతలు స్థిరపడడంతో పిల్లవాడు ఒకసారి కొన్న పట్టాలకు ఏటేటా కొత్త పెట్టెలు చేర్చుకొనే వీలు కలిగింది. ఆ పద్ధతి ఎంతగా నెగ్గినదంటే తక్కిన తయారీదారులు కూడా అవే వెడల్పులను స్వీకరించారు. కనుక 32 మిల్లీమీటర్ల పట్టాపై నడిచే పెట్టెను చూసి ఇది 'ఓ' గేజి అని చెప్పగలము, ఎవరిదో చెప్పలేము. కొలత కాలానికీ తరగతికీ సాక్ష్యమిస్తుంది గాని తయారు చేసిన చేతికి కాదు.

పెట్టెపై వ్రాసిన అక్షరాలైనా చెబుతాయా? అదీ అనుమానమే. ఇంగ్లండులోని నార్తాంప్టన్ పట్టణంలో 1899లో ప్రారంభమైన బాసెట్-లోక్ సంస్థ అమ్మిన పెట్టెలలో అనేకం జర్మనీలోని నూరెంబర్గులో బింగ్ సోదరుల కర్మాగారంలోను, జార్జి కారెట్ కర్మాగారంలోను తయారైనవి. వాటికి వేసిన రంగులూ బిరుదులూ ఇంగ్లీషు రైల్వే కంపెనీలవి. అమ్మినవారు ఒకరు, చేసినవారు వేరొకరు, రంగులు మూడవవారివి. ఈ ముగ్గురిలో ఎవరి పేరు కంటబడితే వారినే కర్తగా భావించడం, పుస్తకం అమ్మిన దుకాణదారుని గ్రంథకర్త అనడం వంటిదే. కారెట్ ఫ్రెంచి దేశీయుడు కావడం వలన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో నిలువలేకపోయాడు. 1917లో అతని కర్మాగారం మూతపడింది.

ఇంతకంటె చిక్కైన ఉదాహరణ అమెరికాలో ఉన్నది. కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన ఐవ్స్ సంస్థ 1868లో పుట్టి, బ్రిడ్జిపోర్టు పట్టణంలో స్థిరపడి, మర్యాదగల పేరు సంపాదించింది. 1928లో దివాలా తీసింది. దానిని పోటీదారులైన లయనెల్, అమెరికన్ ఫ్లయర్ సంస్థలు కలిసి కొనుగోలు చేశాయి. ఆపై రెండేళ్ళపాటు వెలువడిన పెట్టెలలో పైకప్పు ఒకరిది, ఒడలు వేరొకరిది, చక్రాల బండి మరొకరిది, ప్రక్కన బిగించిన ఇత్తడి పలక మాత్రం ఐవ్స్ వారిది. సేకర్తలు ఈ పెట్టెలను సంధికాలపు పెట్టెలని పిలుస్తారు. వాటిలో ఒకదానిని ముందు పెట్టుకొని "ఇది ఎవరు చేసినది?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. పలకను నమ్మినవాడు ఐవ్స్ అంటాడు, రేకును చూసినవాడు ఫ్లయర్ అంటాడు, ఇరుసులను చూసినవాడు లయనెల్ అంటాడు. ముగ్గురూ కొంత నిజమే చెబుతున్నారు. నిజమైన జవాబు ఒక పేరు కాదు, ఒక వాక్యం: ఏ భాగం ఎవరిది, ఏ ఏళ్ళ నడుమ, ఏ పరిస్థితిలో కూర్చబడినది. వాక్యం అవసరమైన చోట పేరుతో సరిపెట్టుకోవడమే మన పొరపాట్లలో సగానికి మూలమని మా అభిప్రాయం.

మరి పరిశీలన ఎట్లా సాగాలి? మొదట తిరగవేసి అడుగు చూడాలి. అమ్మకానికి మెరుగు పెట్టేవాడు పైభాగానికి రంగు పూస్తాడు గాని, కొక్కేల వెనుక, ఇరుసుల సందులలో పాత రంగు దాగి ఉంటుంది. రేకులను టంకం పెట్టి అతికారా, నాలుకలను చీలికలలో దూర్చి మడిచారా అన్నది చూడాలి. రంగు చేతితో పూసినదా, రేకుపై ముందే అచ్చు వేసినదా అన్నది చూడాలి. కొక్కెం ఒక్కటే సాక్ష్యంగా పనికిరాదు. పిల్లల చేతిలో ముందుగా విరిగేదీ, తరువాత మార్చబడేదీ అదే. లయనెల్ వారి పిడికిలి ఆకారపు కొక్కేలు 1945లో వచ్చాయి. అంతకు ముందరిదని చెప్పే పెట్టెకు అటువంటి కొక్కెం ఉంటే, కొక్కెమైనా మారి ఉండాలి, కథైనా మారి ఉండాలి.

ముద్రలు కూడా కాలాన్ని చెబుతాయి. అమెరికాలో 1890 నాటి సుంకాల చట్టం దిగుమతి సరుకుపై పుట్టిన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్నది. జర్మనీలో 'డి.ఆర్.జి.ఎం.' అనే నమూనా నమోదు గుర్తు 1891 నుండి కనబడుతుంది. 'ఆక్రమిత జపానులో తయారైనది' అన్న ముద్ర ఉన్న వస్తువు రెండవ ప్రపంచయుద్ధానికి తరువాతిది, 1952కు మించి రానిది. లోహమూ మాట్లాడుతుంది: తుత్తునాగపు మిశ్రమంలో సీసం వంటి మాలిన్యం చేరితే పోతపోసిన భాగం ఏళ్ళు గడిచేకొద్దీ ఉబ్బి, పగిలి, పొడిపొడి అవుతుంది. న్యూజెర్సీలోని డార్ఫన్ సంస్థ పోతలకు ఈ జబ్బు ప్రసిద్ధం. వెల పెరిగిన చోట మోసమూ పెరుగుతుంది. 1957లో లయనెల్ బాలికల కొరకు గులాబి మొదలైన లేతరంగులలో ఒక రైలును విడుదల చేసింది, అది అమ్ముడుపోలేదు. అరుదైనది కనుక తరువాత దాని వెల పెరిగింది. పెరిగిన వెలతో పాటు దొంగ రంగులూ వచ్చాయి.

ఇదంతా ధనవంతుల వినోదం గదా, మనకెందుకని అడుగవచ్చును. పేరు వెనుక మనుషులున్నారు కనుక. డార్ఫన్‌ను స్థాపించిన సోదరులు నూరెంబర్గు నుండి వలస వచ్చినవారు. అక్కడి కుటుంబ సంస్థ తన సరుకుకు ఫానీ, డోరా అనే ఇద్దరు స్త్రీల పేర్లు కలిపి 'ఫాండర్' అని పేరు పెట్టుకొన్నది. సముద్రం దాటినవారు అవే అక్షరాలను తిరగవేసి 'డార్ఫన్' అన్నారు. బింగ్ కుటుంబానికి చెందిన స్టెఫాన్ బింగ్ తరువాత ట్రిక్స్ రైళ్ళకు ఆధిపత్యం వహించాడు. యూదుడైన నేరానికి 1938లో ఆ సంస్థను అమ్ముకొని ఇంగ్లండుకు వలస పోవలసి వచ్చింది. అట్టివారి చేతి పనికి, ఎక్కువ వెల పలుకుతుందన్న కారణంగా వేరొకరి పేరు తగిలిస్తే, ఒకసారి కర్మాగారాన్ని పోగొట్టుకొన్నవారిని రెండవసారి పేరు కూడా పోగొట్టుకొనేలా చేసినట్లే. మన కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసిన పాత కళాకారుల పేర్లు ఎన్ని మనకు దక్కాయో తలచుకొన్నవారికి ఈ బాధ వేరుగా వివరించనక్కరలేదు.

ఇక పెద్దాయన పెట్టె సంగతి. రెండు సాయంకాలాలు దానితో గడిపాము. గేజి 32 మిల్లీమీటర్లు. రంగు రేకుపై అచ్చు వేసినది. అతుకులు నాలుకలు మడిచినవి. ఒకవైపు కొక్కెం తరువాత మార్చినది. అడుగున ఎవరో పూసిన నల్లరంగు పెచ్చు లేచిన చోట 'జర్మనీ' అన్న ఇంగ్లీషు ముద్ర తప్ప సంస్థ గుర్తు ఏదీ లేదు. మార్‌క్లిన్ కాదని రుజువు చేయలేకపోయాము. అవునని చెప్పగల ఆధారమూ లేదు. రుజువు కాని దానిని లేదనలేము గనుక ఉన్నదని వ్రాయవచ్చునా? ఆ రాత్రి మాకు ఆ ప్రలోభం కలుగలేదని చెబితే అబద్ధం. ఆ అమ్మాయి మా కళ్ళ ముందు పెరిగినది. రుసుము గడువు ఇంకా పది రోజులే ఉన్నది.

చివరకు ఇలా వ్రాశాము: "ఎగుమతి కొరకు జర్మనీలో తయారైనది. ఓ గేజి. ఒక కొక్కెం మార్చబడినది. అడుగున తరువాతి రంగు ఉన్నది. నూరెంబర్గు తయారీ కావచ్చును. తయారీదారు ఎవరో నిర్ధారణ కాలేదు." పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇంత చదివి ఇదేనా తేల్చింది?" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకొన్నది. మూడింతల బేరం తప్పిపోయింది. పెట్టె మామూలు ధరకే పోయింది. తక్కువ పడిన సొమ్ముకు ఆయన గోడగడియారం కూడా పోయింది. అమ్మాయి చదువు ఆగలేదు. ఆగి ఉంటే ఈ వ్యాసం వ్రాసే ధైర్యం మాకు ఉండేదా అని ఇప్పటికీ ఆలోచిస్తాము. అయినా ఆ కాగితం పెట్టెతో పాటు వెళ్ళింది. రేపు ఏ సేకర్తో అదే అచ్చు ముద్ర గల జతపెట్టెను సంస్థ గుర్తుతో సహా చూస్తే, మేము ఖాళీగా వదలిన చోట సరియైన పేరు వ్రాస్తాడు. మేము తప్పు పేరు వ్రాసి ఉంటే అతడు వెదికేవాడే కాదు.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. మీ ఇళ్ళ సందూకులలోను, అటకల మీద కూడా ఇటువంటి వస్తువులు ఉంటాయి: గడియారాలు, అత్తరుబుడ్లు, పాత ఫోటోలు, చేతివ్రాత పుస్తకాలు. వాటిని గురించి పెద్దలు చెప్పేది ఇప్పుడే అడిగి తేదీ వేసి వ్రాసి పెట్టుకొనండి. చూసినదానిని ఒక వరుసలో, విన్నదానిని మరొక వరుసలో, ఊహించినదానిని మూడవ వరుసలో ఉంచండి. నాలుగవ వరుసను తెలియనిదాని కొరకు ఖాళీగా విడువండి, దానిని చూసి సిగ్గుపడకండి.